కండర కాఠిన్యము: స్పర్శ నుండి చిత్రము వఱకు

మోచేతిని మడచి బరువు నెత్తినపుడు పైచేతి కండరము గట్టిపడును. బరువును దించి చేతిని వ్రేలాడవిడిచినపుడు అది మెత్తబడును. ఈ విషయము నెఱుగనివారు లేరు. శిష్యుని భుజమును తట్టి చూచు వ్యాయామశాల గురువునకును, బిగిసిన కాలిని పట్టి చూచు వైద్యునకును, నూనె పట్టించి పసిబిడ్డ తొడలను మర్దించు అవ్వకును ఇది సమానముగ తెలిసిన సంగతియే. అయినను “ఎంత గట్టిపడినది?” అని ప్రశ్నించినచో చాలకాలము వఱకు సమాధానము చెప్పగలవారు లేకుండిరి. చేతికి తెలిసినది సంఖ్యకు లొంగలేదు. ఒక వైద్యుని వ్రేళ్లకు తెలిసినది మఱియొక వైద్యునకు యథాతథముగ అందలేదు. చర్మము క్రిందను, కొవ్వు క్రిందను ఒకదానిపై నొకటి పేర్చబడియున్న కండరములలో ఏది బిగిసినదో, ఏది సడలినదో విడదీసి చెప్పుట స్పర్శకు సాధ్యము కాదు.

ఈ చిన్న ప్రశ్నకు సమాధానము లభించుటకు సుమారు మూడున్నర శతాబ్దముల పరిశోధన అవసరమైనది. ఆ పరిశోధన రెండు పాయలుగ సాగినది. కండరము ముడుచుకొన్నపుడు ఏల గట్టిపడును, విశ్రాంతిలో ఏల మెత్తగ నుండును అనునది మొదటి పాయ. సజీవ శరీరమును కోయకయే ఆ గట్టితనమును వెలుపలి నుండి కొలిచి చిత్రించుట యెట్లు అనునది రెండవ పాయ. మొదటి పాయలో ఒక ముఖ్యఘట్టము భీమవరమున జన్మించి చెన్నపురిలో వైద్యవిద్య నభ్యసించిన ఆంధ్రుని కృషి ఫలితమగుటచే ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

ప్రాచీనుల భావములు

మన దేశమున సుశ్రుతుడు శరీరములో ఐదువందల మాంసపేశులు కలవని లెక్కించెను. ఆయుర్వేదము రోగపరీక్షలో దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడింటిని చెప్పినది. కండరము విషయమున వీనిలో స్పర్శనమే ప్రధానముగ నుండినది. గ్రీకు దేశమున క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమునకు చెందిన ఎరాసిస్ట్రాటసు కండరములోనికి ప్రాణవాయువు వంటి ఒక పదార్థము ప్రవేశించి దానిని ఉబ్బించుననియు, అందుచే అది వెడల్పై పొడవు తగ్గుననియు భావించెను. గాలి నింపిన తోలుతిత్తి బిగియునట్లే కండరమును బిగియునని దీని సారాంశము. ఈ భావము చూపునకు సరిపోవుటచే రెండువేల యేండ్లు నిలిచినది.

దానిని కదలించినవాడు హాలెండు దేశస్థుడగు స్వామర్‌డామ్. 1660 తరువాతి దశాబ్దములో ఆయన కప్ప కండరము నొకదానిని గాజుపాత్రలో మూసి, పాత్రకు సన్నని గొట్టము నమర్చి, అందులో ఒక నీటిబొట్టును నిలిపెను. కండరము ముడుచుకొన్నపుడు దాని ఘనపరిమాణము పెరిగినచో నీటిబొట్టు పైకి జరుగవలెను. అది జరుగలేదు. కండరము వెడల్పైనది నిజమే కాని అందులోనికి క్రొత్తగ ఏదియు వచ్చి చేరలేదని ఆ నీటిబొట్టు తేల్చినది. ఈ ప్రయోగము స్వామర్‌డామ్ మరణించిన యేబది యేండ్లకు పైబడిన తరువాతనే, 1737–38లో, గ్రంథరూపమున వెలువడినది. ఇంగ్లండులో గ్లిసన్ మనుష్యుని చేతిని నీటిలో ముంచి యుంచి చేసిన పరీక్షయు, 1677లో ఇదియే ఫలితము నిచ్చినది.

అదే కాలమున ఇటలీ దేశస్థుడగు బొరెల్లి కండరములను యంత్రశాస్త్ర దృష్టితో పరిశీలించెను. ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1680–81లో ప్రకటితమైనది. ఎముకలు మీటలనియు, కండరములు కీళ్లకు మిక్కిలి సమీపమున లాగుచుండుటచే చేతిలోని బరువుకంటె ఎన్నియో రెట్లు అధికమైన బలమును అవి ప్రయోగింపవలసి వచ్చుచున్నదనియు ఆయన లెక్కకట్టి చూపెను. బరువు తెలిసినంత మాత్రమున కండరములోని బిగువు తెలియదను సత్యము ఇట్లు స్థిరపడినది. ఈ సత్యమే మూడువందల యేండ్ల తరువాత చిత్రణ విధానములకు ప్రేరకమైనది.

కండరము స్ప్రింగు వంటిదా?

1809లో లండనునందు వొలాస్టన్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఉపన్యాసములో చిత్రమైన సంగతి నొకదానిని వివరించెను. చెవికి వ్రేలిని ఆనించి చేతి కండరములను బిగించినచో దూరమున బండి పోవుచున్నట్లు సన్నని గుడగుడ ధ్వని వినబడును. రాళ్లు పఱచిన వీథులలో పోవు బండ్ల చప్పుడుతో పోల్చి, అది సెకనుకు సుమారు 20 నుండి 30 కంపనములు గలదని ఆయన నిర్ణయించెను. ముడుచుకొన్న కండరము కదలక నిలిచియున్నట్లు పైకి కనిపించినను లోపల నిరంతరము కంపించుచున్నదని దీనివలన తేలినది. ఈ ధ్వని తిరిగి చరిత్రలోనికి వచ్చు సందర్భము ముందు కలదు.

1846లో జర్మనీ దేశస్థుడగు ఎడ్వర్డ్ వేబర్ కండరమును స్ప్రింగుతో పోల్చెను. ఉత్తేజము పొందిన క్షణమున కండరము వేఱొక స్థితిస్థాపక గుణము గల స్ప్రింగుగ మారుననియు, విశ్రాంతిలో దానికి తన పూర్వగుణము తిరిగి వచ్చుననియు ఆయన మతము. విశ్రాంతి, సంకోచము అను రెండు దశలను రెండు యాంత్రిక గుణములుగ చెప్పుట ఇందలి విశేషము. కాని స్ప్రింగులో దాగిన శక్తి ముందుగనే నిర్ణయమై యుండును. అది ఎంత పని చేసినను మొత్తము మారదు. 1923లో ఫెన్ అను శాస్త్రజ్ఞుడు కప్ప కండరములు వెలువరించు ఉష్ణమును సూక్ష్మముగ కొలిచి, కండరము ఎక్కువ పని చేసినపుడు ఎక్కువ శక్తిని వ్యయపఱచుచున్నదని నిరూపించెను. కావున కండరము కేవలము స్ప్రింగు కాదు. అవసరమును బట్టి ఇంధనమును ఖర్చుచేయు యంత్రము.

ఫెన్‌తో కలిసి పనిచేసిన ఏ. వి. హిల్ 1938లో ఈ రెండు భావములను సమన్వయపఱచెను. కండరములో ముడుచుకొను భాగ మొకటియు, దానితో వరుసగ కూర్చబడిన సాగెడు భాగ మొకటియు కలవని ఆయన చెప్పెను. త్రాడును లాగువాడు మొదట త్రాడులోని సడలును తీర్చి పిమ్మట బరువును కదలించునట్లు, ముడుచుకొను భాగము మొదట సాగెడు భాగమును బిగించి పిమ్మట ఎముకను లాగును. బిగిసిన త్రాడును మీటినచో అది వదులుగ నున్న త్రాడుకంటె హెచ్చు స్థాయిలో మ్రోగును. వీణ తీగెను బిగించి శ్రుతి చేయువారికి ఈ సూత్రము సుపరిచితము. కండరమును సయితము మీటి చూచినచో దాని బిగువు తెలియునను ఆలోచనకు ఇందే బీజము కలదు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నీలిరంగు

ఈ యంత్రమునకు ఇంధన మేది? 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందిన హిల్, మేయర్‌హోఫ్‌ల పరిశోధనల ఫలితముగ, కండరమున పుట్టు లాక్టిక్ ఆమ్లమే సంకోచమునకు కారణమని ఆ కాలమున విశ్వసింపబడుచుండెను. ఆ విశ్వాసమును కదలించినవారిలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ముఖ్యులు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చదువు కొంత రాజమహేంద్రవరమునను, పిమ్మట చెన్నపురిలోను సాగినది. చెన్నపురి వైద్యకళాశాలలో ఎల్. ఎమ్. ఎస్. పట్టమును పొంది, అచటి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వాగ్దానముతోను, మామగారి సహాయముతోను 1922లో అమెరికా చేరి, బోస్టను నగరమున ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు సాగించిరి. అచట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుటకు ఒక విధానమును ప్రకటించిరి. భాస్వరము గల ద్రావణమునకు మాలిబ్డినము చేర్చి, మఱియొక ద్రవ్యముతో దానిని క్షయకరించినచో నీలిరంగు పుట్టును. రంగు గాఢతయే భాస్వరపు పరిమాణము. ఫిస్కే–సుబ్బారావు విధానమను పేర ఇది ప్రపంచమందలి ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది.

కండరపు సారముపై ఈ పరీక్ష చేసినపుడు ఒక వింత కనిపించినది. నీలిరంగు వెంటనే పూర్తిగ రాక, మెల్లమెల్లగ పెరుగసాగినది. పరీక్షలోని దోషమని త్రోసివేయుటకు వీలున్న సంగతి యిది. ఫిస్కే, సుబ్బారావుగార్లు దానిని త్రోసివేయలేదు. పరీక్షాద్రవములోని ఆమ్లము తగిలి మెల్లగ విడిపోవు భాస్వరపు సంయోగ మొకటి కండరములో కలదని గ్రహించి, 1927లో దానిని ఫాస్ఫోక్రియాటిన్ అని గుర్తించిరి. కండరము పనిచేసినపుడు ఇది తఱుగుననియు, విశ్రాంతి నిచ్చినపుడు తిరిగి కూడుననియు చూపిరి. అదే కాలమున లండనులో ఎగల్‌టన్ దంపతులు సయితము స్వతంత్రముగ ఈ పదార్థపు జాడను పట్టిరి. 1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు ఎ. టి. పి. అను పేర నేడు ప్రసిద్ధమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరము నుండి వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్ సయితము ఆ యేడే దానిని కనుగొనెను. 1930లో డెన్మార్కు దేశస్థుడగు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషద్రవ్యముచే నిరోధించినను కండరము ముడుచుకొనగలదనియు, అపుడు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చగుచున్నదనియు చూపెను. పాత సిద్ధాంతము అంతటితో కూలినది. సంకోచమున ఎ. టి. పి. ఖర్చగుటను కెయిన్, డేవీస్‌లు 1962లో ప్రత్యక్షముగ నిరూపించిరి. సుబ్బారావుగారు 1948లోనే దివంగతులగుటచే ఆ నిరూపణమును చూచు భాగ్యము వారికి కలుగలేదు.

సడలుటయు ఒక పనియే

విశ్రాంతిని గూర్చిన భావమును తలక్రిందులు చేసినది ఎ. టి. పి. యే. బిగియుటకు శక్తి కావలెను, సడలుటకు ఏమియు అక్కఱలేదని లోకము తలచును. కాని మృతదేహమును చూడుడు. ప్రాణము పోయిన కొన్ని గంటలకు శరీరము కొయ్యవలె బిగియును. శక్తి యుడిగిన కండరము మెత్తగ నుండవలెను గదా! 1943లో హంగరీ దేశమున అర్డోష్ అను పరిశోధకుడు, ఈ బిగువు కండరములోని ఎ. టి. పి. తఱుగుదలతో పాటు పెరుగుచున్నదని చూపెను. ఎ. టి. పి. బిగించుట కెంత అవసరమో, పట్టు విడుచుటకును అంత అవసరము. సజీవ కండరపు మెత్తదనము ఎ. టి. పి. ప్రసాదము.

ఇందలి యంత్రాంగమును 1954 మే 22వ తేదీ నేచర్ పత్రికలో ఒకే సంచికయందు వెలువడిన రెండు పరిశోధనలు వెల్లడించినవి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇంటిపేరు ఒకటైనను ఆ హక్స్‌లీలిరువురు బంధువులు కారు. కండరపు నారలో మందపు పోగులును, సన్నని పోగులును ఒకదాని నడుమ నొకటి జొరబడియుండును. కండరము ముడుచుకొన్నపుడు ఏ పోగును పొట్టిగ కాదు; పోగులు ఒకదానిపై నొకటి జారి మఱింత లోనికి చొచ్చుకొనును. మందపు పోగుల నుండి వెలువడు చిన్న కొక్కెములు సన్నని పోగులను పట్టి లాగును. ఎ. టి. పి. వచ్చి చేరినపుడు కొక్కెము పట్టు విడుచును. అది లభింపనపుడు కొక్కెములు పట్టినది పట్టినట్లే యుండును. శవము బిగియుటకు కారణమిదియే.

కావున కండరపు గట్టితనము ఆ క్షణమున ఎన్ని కొక్కెములు పట్టియున్నవను దానికి ఒక సూచిక. విశ్రాంతిలోనున్న కండరమును సాగదీసినపుడు కలుగు ప్రతిఘటన వేఱు. అది కండరమును చుట్టియున్న పొరల వలనను, 1970 తరువాతి దశాబ్దములో మరుయామా, వాంగ్ అనువారు కనుగొనిన టైటిన్ అను మిక్కిలి పొడవైన మాంసకృత్తు వలనను కలుగును. గట్టితనమునకు ఇట్లు రెండు మూలములున్నవను సంగతి, చిత్రములను చదువువారు మఱువరానిది.

తరంగమే చేయి

సజీవ కండరమును కోయక, గుచ్చక, దాని గట్టితనమును కొలుచుట యెట్లు? అతిధ్వనులతో దేహములోపలి భాగములను చిత్రించు విధానము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వాడుకలోనికి వచ్చినను, ఆ చిత్రములు కండరపు ఆకారమునే చూపెను గాని గట్టితనమును చూపలేదు. కారణము సులభము. ధ్వనితరంగము పదార్థమును నొక్కుచు, వదలుచు సాగును. మెత్తని అవయవము లన్నియు విశేషముగ నీటితో నిండినవి; నీటివలె అవియు నొక్కుడునకు లొంగవు. అందుచే మెత్తని కండరమునను గట్టి కండరమునను అతిధ్వని ఇంచుమించు ఒకే వేగముతో, సెకనుకు 1540 మీటర్ల చొప్పున, పోవును.

మఱియొక విధమైన తరంగము కలదు. త్రాటి యొక కొనను ప్రక్కకు విదిలించినచో అల యొకటి త్రాటి వెంట పరుగెత్తును. త్రాటి కణములు మాత్రము అడ్డముగ కదలును. ఇది తిర్యక్తరంగము. దేహములో దీని వేగము సెకనుకు కొద్ది మీటర్లు మాత్రమే. అది కండరపు దృఢతా గుణకముపై ఆధారపడి యుండును. వేగమును వేగముచే గుణించి, దానిని సాంద్రతచే గుణించినచో దృఢతా గుణకము లభించును. కండరపు సాంద్రత ఘనమీటరునకు సుమారు 1060 కిలోగ్రాములు. తరంగము సెకనుకు 2 మీటర్లు పోయినచో దృఢతా గుణకము సుమారు 4 కిలోపాస్కలులు. 6 మీటర్లు పోయినచో సుమారు 38. 10 మీటర్లు పోయినచో సుమారు 106. వేగము మూడు రెట్లయినచో గట్టితనము తొమ్మిది రెట్లగును. ఇట్లు చేతికి తెలిసిన బిగువు వేగరూపమున సంఖ్యకు లొంగినది.

సంఖ్య నుండి చిత్రమునకు

ఈ మార్గమున తొలి అడుగులలో నొకటి 1952లో పడినది. ఫాన్ గియర్క, ఓస్ట్‌రైకర్ మొదలగువారు మనుష్యుని తొడను కంపింపజేసి, చర్మముపై సాగు అలలను క్షణక్షణము మెఱయు దీపపు వెలుతురులో ఛాయాచిత్రములు తీసి, వాని నుండి దేహపు దృఢత్వమును, స్నిగ్ధతను గణించిరి. కాని అది ఉపరితలమునకే పరిమితము. 1987లో క్రూస్కోప్ మొదలగువారు అతిధ్వనుల సహాయమున లోపలి కదలికను కొలిచిరి. కాలు కోల్పోయినవారికి అమర్చు కృత్రిమపాదపు తొడుగు, మిగిలిన కాలి కండరములకు ఒదుగవలెను గదా! కండరము బిగిసినపుడు ఒక విధముగను, సడలినపుడు మఱియొక విధముగను ఉండుటచే రెండు దశలను తెలిసికొనుట వారి లక్ష్యము.

అటుపిమ్మట న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు నగరమున లెర్నర్, పార్కర్‌లు దేహమును కంపింపజేసి ఆ కంపనములను అతిధ్వనితో చిత్రించు పద్ధతిని రూపొందించిరి. ఇట్టి మార్గముననే 1995లో లెవిన్‌సన్, షినగావా, సాటోలు మనుష్యుని తొడ కండరములో భారము పెరిగిన కొలది తరంగవేగము పెరుగుచున్నదని చూపిరి. అదే సంవత్సరమున మిన్నెసోటా రాష్ట్రమున అదే పేరు గల మఱియొక రోచెస్టరులోని మేయో వైద్యశాలలో ముత్తుపిళ్లై, ఎమన్ మొదలగువారు అయస్కాంత అనునాద చిత్రణమును, అనగా ఎమ్. ఆర్. ఐ. ని, ఈ పనికి మలచిరి. కంపనముతో తాళము తప్పక మాఱు అయస్కాంత క్షేత్రము నుపయోగించి, మైక్రానులో కొంతభాగమంత చిన్న కదలికను సయితము వారు పట్టుకొనిరి. చిత్రములో చెఱువునీటిపై అలల వంటి చారలు కనిపించును. సెకనుకు 100 కంపనములైనచో మెత్తని కండరములో చారల నడుమ దూరము సుమారు 2 సెంటీమీటర్లు. అదియే గట్టిపడినపుడు 6 సెంటీమీటర్లు కావచ్చును. చారల ఎడమే బిగువునకు కొలత. 2001లో డ్రెస్‌నర్ మొదలగువారు ఈ విధానముతో చేతి కండరమును పరీక్షించి, భారముతో పాటు గట్టితనము పెరుగుటను చూపిరి.

ఎమ్. ఆర్. ఐ. చిత్రమునకు కాలవ్యవధి అధికముగ కావలెను. బిగించిన కండరమును కదలక నిలుపుట మనుష్యునకు చాలసేపు సాధ్యము కాదు. ఈ చిక్కును పారిస్ నగరమున ఫింక్ ఆచార్యుని ప్రయోగశాల విడదీసినది. తిర్యక్తరంగము సెకనుకు 2 మీటర్ల వేగముతో పోయినను 4 సెంటీమీటర్ల దూరమును సెకనులో ఏబదవ వంతు కాలమున దాటిపోవును. సెకనుకు ఏబది చిత్రములు తీయు సామాన్య యంత్రమునకు ఒక చిత్రము ముగియు లోపలనే అల దాటిపోయియుండును. అందుచే సెకనుకు కొన్ని వేల చిత్రములు తీయగల అతిధ్వని యంత్రమును వారు నిర్మించిరి. 2004లో బెర్కాఫ్, టాంటర్, ఫింక్‌లు ప్రకటించిన విధానములో, వెలుపలి కంపనయంత్రము సయితము అక్కఱలేదు. కేంద్రీకరించిన అతిధ్వని కిరణమే కండరములో కొంచెము లోతున నొక్కి, వెంటనే అంతకంటె లోతున నొక్కి, ఇట్లు వరుసగ తిర్యక్తరంగముకంటె వేగముగ క్రిందికి పోవును. ధ్వనిని మించిన వేగముతో పోవు విమానము వెనుక శంకువు వంటి అల యేర్పడునట్లు ఇచటను ఒక బలమైన అల యేర్పడి రెండు ప్రక్కలకు సాగును. క్షణకాలములో రంగులతో గట్టితనపు పటము సిద్ధమగును.

వొలాస్టన్ వినిన గుడగుడ ధ్వనియు ఇచట తిరిగి ప్రవేశించినది. 2007లో సబ్రా మొదలగువారు తొడపై సూక్ష్మగ్రాహకముల నమర్చి, బిగిసిన కండరము తానుగ చేయు కంపనములనే తరంగములుగ గ్రహించి, వాని వేగము నుండి గట్టితనమును లెక్కకట్టిరి. దాదాపు రెండు శతాబ్దముల తరువాత ఆ వింత ధ్వని కొలబద్ద యైనది.

విశ్రాంతి, సంకోచములు చిత్రములలో

ఈ చిత్రములు చూపిన సంగతులలో మూడు ముఖ్యమైనవి. మొదటిది: విశ్రాంతిలో కొద్ది కిలోపాస్కలులు మాత్రమే యుండు కండరపు దృఢతా గుణకము, గట్టిగ ముడుచుకొన్నపుడు ఎన్నియో రెట్లు పెరుగును. 2010లో నార్డెజ్, హ్యూగ్‌లు పైచేతి కండరములోని విద్యుత్ చర్యతో పాటు ఈ గుణకము పెరుగుటను చూపిరి. 2011లో బుయార్ మొదలగువారు చేతివ్రేళ్ల కండరములలో బలమును, గట్టితనమును సరళరేఖ వలె కలిసి నడచునవిగ నిరూపించిరి. అనేక కండరములు కలిసి లాగుచుండగా ఒక్కొక్కదాని వాటా యెంతయో తెలియక బొరెల్లి నాటి నుండి నిలిచిన చిక్కునకు ఇది మార్గము చూపినది.

రెండవది: కండరము అన్ని దిశలందును ఒకేవిధముగ గట్టిగ నుండదు. వెదురు నిలువున సులభముగ చీలును గాని అడ్డముగ విఱుగదు. అట్లే కండరములో తరంగము నారల వెంట వేగముగను, నారలకు అడ్డముగ మెల్లగను పోవును. 2003లో జెన్నిసన్ మొదలగువారు దీనిని స్పష్టముగ చూపిరి. కావున పరీక్షాయంత్రమును నారల వెంట నిలుపుటలో పొరపాటు జరిగినచో సంఖ్యయు పొరపాటగును.

మూడవది: గట్టితనమును బలమునకు పర్యాయముగ భావింపరాదు. సాగదీసిన కండరము పనిచేయకయే గట్టిపడును. అదియును గాక, కండరమునకు హద్దులు కలవు, పొరలు కలవు. వేగము నుండి గుణకమును గణించు సూత్రము మాత్రము హద్దులు లేని ఏకరీతి పదార్థము నూహించి చెప్పినది. యంత్రమును చర్మముపై గట్టిగ నొక్కినను సంఖ్య మారును. కావున ఒకే కండరమును, ఒకే భంగిమలో, ఒకే విధముగ పరీక్షించి పోల్చినపుడే ఈ చిత్రములు సత్యమును చెప్పును.

ఎవరి కొఱకు?

ఇంతటి పరిశ్రమ ఎవరి కొఱకని ప్రశ్నింపవచ్చును. పక్షవాతము తగిలి చేయి ముడుచుకొనిపోయిన వ్యక్తిని తలచుకొనుడు. ఆ బిగువు నరముల ఆజ్ఞ వలన కొక్కెములు విడువక పట్టుటచే కలిగినదా, లేక కండరమే మారి పొరలు గట్టిపడుటచే కలిగినదా? మొదటిదైనచో మందు పనిచేయవచ్చును; రెండవదైనచో ఆ మందు వలన ప్రయోజనము స్వల్పము. ఇట్టి బిగువును నిర్ణయించుటకు వైద్యులు వాడు ఆష్‌వర్త్ కొలమానము 1964 నాటిది. చేతిని కదలించి చూచి, ప్రతిఘటనను బట్టి సున్న మొదలు నాలుగు వఱకు అంకె వేయుదురు. అది స్పర్శయే, అంకె మాత్రము క్రొత్తది. ఆ రెండు బిగువులను విడదీయు శక్తి దానికి లేదు.

పిల్లలకు వచ్చు మఱియొక వ్యాధి కలదు. 1868లో ఫ్రాన్సు దేశపు వైద్యుడగు డుషేన్ దానిని సవిస్తరముగ వర్ణించెను. పిల్లవాని పిక్కలు లావుగ, బలముగ కనిపించును. అయినను వాడు మెట్లెక్కలేడు, నేల నుండి లేవలేడు. కండరపు స్థానమును కొవ్వును, నారపొరయు ఆక్రమించుచుండుటచే కలిగిన లావు అది. ఇచట కన్ను మోసపోవును, చేయియు మోసపోవచ్చును. కండరపు ముక్కను సూదితో తీసి పరీక్షించుట డుషేన్ నాటి నుండి వచ్చుచున్న పద్ధతి. కాని పెరుగుచున్న పిల్లవానిని మాటిమాటికి గుచ్చుట యెవరికి ఇష్టము? నొప్పి లేక, కోత లేక పలుమాఱులు చూడదగిన చిత్రము అట్టి పిల్లల వైద్యములో సహాయకారి యగునను ఆశతో పరిశోధనలు సాగుచున్నవి. స్పర్శకు ఇది పోటీ కాదు. స్పర్శ చెప్పజాలని దానిని చెప్పుటకు దొరకిన తోడు.

ఈ చరిత్రలో ఏ ఒక్కరును మొత్తమును కనుగొనలేదు. నీటిబొట్టు కదలలేదని గమనించినవాడొకడు. వ్రేలి చప్పుడును విన్నవాడొకడు. అలల ఎడమును కొలిచినవారు కొందఱు. ఆ వరుసలో, నీలిరంగు ఆలస్యముగ వచ్చుటను దోషమని విడువక కారణమును వెదకిన సుబ్బారావుగారు నిలిచియున్నారు. గోదావరీతీరము విడిచి చెన్నపురికిని, చెన్నపురి విడిచి సముద్రములకావలికిని పోయిన ఆ తెలుగుబిడ్డ కనుగొనిన పదార్థము ప్రతి మనుష్యుని కండరములో ప్రతిక్షణము పట్టు బిగించుచు, పట్టు విడుచుచున్నది. నేటి రంగుల పటములో ఎఱ్ఱగ కనిపించు బిగువును, నీలముగ కనిపించు సడలును కొక్కెముల పట్టువిడుపులకు ప్రతిబింబములు. శతాబ్దముల తరబడి వైద్యుని వ్రేళ్లకు మాత్రమే పరిమితమైన ఆ తెలివి, నేడు రోగి తాను స్వయముగ చూచి తెలిసికొనదగిన చిత్రమైనది.